నగర కమిషన్ ఎన్నికలు - పోటీ అభ్యర్థులలో ఎవరిని ఎన్నుకొనవలెను?

పంచాయతీ ఎన్నికల నాడు మన ఓటరు రెండు బాలెట్ పత్రములు అందుకొనును. ఒకటి తన వార్డు సభ్యుని కొరకు. రెండవది గ్రామమంతటికి సర్పంచి కొరకు. వార్డు సభ్యుడు వీధి కష్టమును సభలో చెప్పువాడు. సర్పంచి ఊరి పనులను నడుపువాడు. ఈ రెండు బాధ్యతలను ఒకే మనిషికి అప్పగించి, ఆ మనిషిని ఊరంతయు కలసి ఎన్నుకొన్నచో ఏమగును? అమెరికాలో అనేక నగరములు ఈ పద్ధతిని చిరకాలము అనుసరించినవి. దానికి నగర కమిషన్ పద్ధతి అని పేరు. అచ్చటి ఓటరు ఎదుర్కొన్న చిక్కును తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు మిక్కిలి ఉపయోగకరము.

టెక్సాస్ రాష్ట్రములో గాల్వెస్టన్ అను రేవు పట్టణము కలదు. 1900 సెప్టెంబరు 8న పెనుతుఫాను దానిని ముంచివేసెను. మృతులు ఆరువేలకు తక్కువ ఉండరని అంచనా. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన మన కోస్తావారికి ఆ దృశ్యమును వర్ణించి చెప్పనక్కరలేదు. అప్పులలో మునిగియున్న పాత నగరసభ ఇంత పనికి చాలదని తోచి, 1901లో ఐదుగురు సభ్యుల కమిషన్‌ను ఏర్పరచిరి. ఒకరు అధ్యక్షుడు. తక్కిన నలుగురిలో ఒకరికి ఆదాయవ్యయములు, ఒకరికి పోలీసు మరియు అగ్నిమాపక దళము, ఒకరికి మంచినీరు, మురుగునీరు, ఒకరికి వీధులు, నగరపు ఆస్తులు. మొదట కొందరిని గవర్నరు నియమించెను. 1903 నుండి ఐదుగురిని ఓటర్లే ఎన్నుకొనసాగిరి. మన జిల్లా వంటి కౌంటీ వారు సముద్రమునకు అడ్డుగోడ కట్టిరి. నగరము వారు ఇండ్లను జాకీలతో పైకెత్తించి, క్రింద ఇసుక నింపించి నేలమట్టమును పెంచిరి. 1915లో మరల పెద్ద తుఫాను వచ్చినప్పుడు పట్టణము నిలిచెను.

ఈ విజయమును చూచి 1907లో అయోవా రాష్ట్రపు డెమోయిన్ నగరమును, దాని వెంట వందలకొలది నగరములును ఈ పద్ధతిని చేపట్టినవి. అక్కడనే ఓటరుకు అసలు చిక్కు వచ్చిపడెను.

డెమోయిన్‌లో శాఖల పంపకము ఎన్నికల తరువాత జరిగెడిది. ఓటు వేయునాటికి ఏ అభ్యర్థికి ఏ శాఖ దక్కునో ఎవరికిని తెలియదు. ఒక అభ్యర్థి రోడ్లు వేయించుటలో ఆరితేరినవాడనుకొందము. రెండవవాడు ఎదుటివారి మాట ఓపికగా వినువాడు, లెక్క తెలిసినవాడు. రోడ్ల కొరకని మొదటివానిని గెలిపించితిమి; తీరా అతనికి పోలీసు శాఖ వచ్చినది! అందుచేత ఒక పనిలోని నేర్పును మాత్రమే చూచి ఓటు వేసినవాడు మోసపోవుటకు ఎడముండెను.

ఇంతకన్న పెద్ద లోపము మరియొకటి కలదు. డబ్బు మంజూరు చేయు ఐదుగురే దానిని ఖర్చు పెట్టు ఐదుగురు. ఇక అడుగువారెవరు? నా శాఖ జోలికి నీవు రాకుము, నీ శాఖ జోలికి నేను రాను అను లోపాయికారీ ఒడంబడికకు ఇది అనువైన ఏర్పాటు. గాల్వెస్టన్ సయితము 1960లో ఈ పద్ధతిని విడిచి, సభ వేరు, దానికి లోబడి పని నడుపు మేనేజరు వేరు అను పద్ధతికి మారెను. ఒరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లండ్ నగరము 1913లో కమిషన్‌ను స్థాపించుకొని, 2022లో దానిని మార్చుటకు ఓటు వేసెను. 2025 జనవరితో అచ్చట కమిషన్ ముగిసెను.

ఓట్లు చీలుటను గురించి ఒక మాట. కొలరాడో రాష్ట్రములోని గ్రాండ్ జంక్షన్ నగరము 1909లో ఒక ఉపాయము పన్నెను. ఓటరు తనకు మొదట నచ్చినవారినే గాక, రెండవ, మూడవ కోరికలను గూడ పత్రముపై గుర్తించవచ్చును. మొదటి కోరికలతో ఎవరికిని సగము దాటనిచో తక్కినవానిని చేర్చి లెక్కింతురు. ఒకే పక్షము వారు ముగ్గురు నిలిచి, ముగ్గురును ఓడి, ఎవరును కోరని నాల్గవవాడు గెలుచుటను మన పల్లెలలో చూచినవారికి ఇందలి ప్రయోజనము వెంటనే బోధపడును.

ఇక మోబిల్ నగరపు కథ. అలబామా రాష్ట్రములోని ఈ నగరము 1911 నుండి ముగ్గురు కమిషనర్లను ఎన్నుకొనుచుండెను. వార్డులు లేవు, ముగ్గురిని నగరమంతయు ఎన్నుకొనవలెను. ప్రజలలో ఇంచుమించు మూడవవంతు నల్లజాతివారు. అయినను 1975లో వారు కోర్టుకు వెళ్లు నాటికి ఒక్క నల్లజాతి అభ్యర్థియు కమిషనరుగా నెగ్గలేదు. నగరోద్యోగములలోను, పౌరసౌకర్యములలోను వారికి అన్యాయము జరిగినదని విచారణ కోర్టు 1976లో తేల్చెను. కాని ఆ వివక్ష ఉద్దేశపూర్వకమని ఋజువు కావలెనని సుప్రీంకోర్టు 1980లో తీర్పును త్రోసిపుచ్చెను. ఫలితమును బట్టియే విచారించునట్లు 1982లో అమెరికా శాసనసభ ఓటుహక్కు చట్టమును సవరించెను. 1985లో మోబిల్ వార్డుల పద్ధతికి మారెను. అప్పుడు గాని నల్లజాతి సభ్యులు నగరసభలో అడుగిడలేదు. డెబ్బది ఏండ్లకు పైగా నల్లజాతివారిలో ఒక్కరును కమిషనరుగా గెలువలేదు. గెలుపుకు అక్కరలేని వీధికి కమిషనరు ఎందులకు పోవును?

మనకు 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఈ కీడును చాలవరకు తప్పించినది. షెడ్యూల్డు కులములకు, తెగలకు జనాభాను బట్టి స్థానములు కేటాయింపబడుచున్నవి. స్త్రీలకు మూడవవంతుకు తక్కువ కాకుండ ఇవ్వవలెనని రాజ్యాంగము చెప్పగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టములు సగము ఇచ్చినవి. అయినను సర్పంచి ఓటు ఊరంతటిది. పెద్ద ఊరి ఓట్లతోనే గెలువగల అభ్యర్థి శివారు గూడెమును, తండాను మరచుటకు వీలున్నది. ఇద్దరు పోటీదారులలో ఎవరు మేలనగా, తమకు ఓట్లు రాలని వాడకు గతములో నీటికని, దీపమునకని ఎవరు నడచివచ్చిరో ఆ వాడవారినే అడుగవలెను. నామినేషనుకు ముందటి నెలలో వచ్చిన రాకను లెక్కలోనికి తీసికొనరాదని నా అభిప్రాయము.

ఉపసర్పంచి ఎన్నికలో ఓటర్లు మీరే. ఇద్దరు సభ్యులు ఆ పదవి కోరినప్పుడు, గత పంచాయతీలో పనిచేసినవారైనచో తీర్మానముల పుస్తకమును తెప్పించి చూడుడు. ఎన్ని సమావేశములకు వచ్చిరి, ఏ ఖర్చును గూర్చి ప్రశ్నించిరి, ఎవరి వార్డు పనికి మాట సాయము చేసిరి అనునది అందు వ్రాసియుండును. క్రొత్తవారైనచో గ్రామసభలో వారు ఏమి అడిగిరో జ్ఞాపకము చేసికొనుడు. పుస్తకములో సంతకము తప్ప మరేమియు కనబడని సభ్యుడు, ఎంత మంచివాడైనను, సర్పంచి లేనినాడు ఆ కుర్చీలో కూర్చుండి లెక్క అడుగునని ఆశించుట కష్టము.