చిట్టెంలోనూ చదువుంది

మొన్న నాగాయలంక నుంచి ఒకాయన కొడుకును వెంటబెట్టుకొచ్చారు. రొయ్యల చెరువు అమ్మైనా సరే, మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్సే చేర్పిస్తారట. కుర్రాణ్ని అడిగితే కాసేపు నేలచూపులు చూసి, 'మా ఇంటి శ్లాబు ఎందుకు పెచ్చులూడుతోంది సార్? కట్టి పదిహేనేళ్లు కూడా కాలేదు' అన్నాడు. తండ్రికది పనికిమాలిన ప్రశ్న. ఆ అరగంటలో నేను విన్న పనికొచ్చే మాట అదొక్కటే.

దివిసీమలో దానికి జవాబు గాల్లోనే ఉంది. ఉప్పు కాంక్రీటులోకి దిగి ఊచకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి పెచ్చును తోసేస్తుంది. ఉప్పును బాగా అడ్డుకునేది స్లాగ్ సిమెంటు. విశాఖ ఉక్కులాంటి చోట్ల బ్లాస్ట్ ఫర్నేసులో కరిగిన ఇనుము మీద తేలే తెట్టే ఈ స్లాగు. మన కమ్మరివాళ్లు చిట్టెం అంటారు. ఎర్రగా కాగుతున్నప్పుడే నీళ్లు కొట్టి చల్లారిస్తే ఇసుకలాంటి గాజు పలుకులవుతుంది, నూరితే తెల్లటి పొడి. ఐఎస్ 455 ప్రకారం స్లాగ్ సిమెంటులో ఇది 25 నుంచి 70 శాతం ఉండొచ్చు. సిమెంటే లేకుండా స్లాగుకు కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్ కలిపి మోర్టార్ చేసే పరిశోధనలూ ఉన్నాయి. కానీ కాస్టిక్ తాపీమేస్త్రి చేతులు కాలుస్తుంది. ఇనుమును ఉక్కు చేసేటప్పుడు వచ్చే స్లాగులోనేమో విడి సున్నం ఉండి, తడి తగిలితే ఉబ్బుతుంది. ఇలాంటి చిక్కులు విప్పడానికే సివిల్, మెటలర్జీ చదివినవాళ్లకు జీతాలిచ్చేది.

ఆ చదువులకు టెన్త్ తర్వాతైతే పాలీసెట్, డిప్లొమా, ఆపై ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాది. ఇంటర్ అయితే ఈఏపీసెట్. నాకు డిప్లొమా దారే ఇష్టం. పదిహేడేళ్లకే కుర్రాడు కాంక్రీటు క్యూబు పోసి, 28 రోజులు తడిపి, తన చేత్తో పగలగొట్టి చూస్తాడు.

మొదటి జీతం సాఫ్ట్‌వేర్ అంత రాదు, ఎండలో నిలబడాలి. దాచను. అలాగని 'గ్రీన్ మెటీరియల్స్ సర్టిఫికెట్' అంటూ వారాంతపు కోర్సులకు వేలు గుంజేవాళ్లను నమ్మొద్దు. కాలేజీ చూడ్డానికి వెళ్తే ఏసీ హాలు కాదు, మెటీరియల్స్ ల్యాబ్ తెరిపించండి. మా మేనల్లుడు చదివిన చోట క్యూబు పగలగొట్టే యంత్రానికి నాలుగేళ్లూ కవరు తియ్యలేదు. కన్వీనర్ కోటాలో రాని సీటు కోసం చెరువులమ్మే తండ్రులను చూస్తే నాకు కోపమే వస్తుంది. ఆ బరువు మోసేది పిల్లాడు.

వెళ్తూ వెళ్తూ ఆయన, 'ఇంతకీ మా శ్లాబుకేం చెయ్యమంటారండీ?' అన్నారు. వదులైన పెచ్చులన్నీ కొట్టించి, ఊచల తుప్పు గీకించి, స్లాగ్ సిమెంటుతో పూయించి, చెరువు నీళ్లతో కాకుండా మంచినీళ్లతో తడిపించమన్నాను. అది నిదానంగా బలపడే సరుకు. మూడో రోజే గట్టిపడలేదని మేస్త్రి మీద విసుక్కోవద్దన్నాను.