ఇంటి గుట్టు బోర్డుకు చెప్పాలా?

ప్రశ్న: మా అక్క కొడుక్కి 16 ఏళ్లు. సంతలో సెల్‌ఫోన్ కొట్టేశాడని పోలీసులు పట్టుకున్నారు. ఇప్పుడు అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్నాడు. మా బావ తాగొచ్చి వాణ్ని చిన్నప్పటి నుంచీ బెల్టుతో కొట్టేవాడు. వాడు నిద్రలో ఉలిక్కిపడి లేస్తాడు, తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాడు. ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొచ్చి అన్నీ అడుగుతారట. చెబితే పరువు పోతుందని, కేసు ఇంకా బిగుస్తుందని అక్క భయం. ఏం చేయాలి?
– ఒక మేనమామ

జవాబు: చెప్పండి. దాస్తే నష్టపోయేది అబ్బాయే.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఇలాంటి కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఫోన్ తీశాడా లేదా అన్నదే కాదు, పిల్లాడు అక్కడిదాకా ఎందుకొచ్చాడో కూడా వాళ్లు చూడాలి. అందుకు ఆధారం ప్రొబేషన్ ఆఫీసర్ రెండు వారాల్లో ఇవ్వాల్సిన సామాజిక దర్యాప్తు నివేదిక. ఇంట్లో హింస ఉందా, బడి ఎందుకు మానాడు, మత్తు అలవాట్లున్నాయా అని ఆ నివేదిక ఫారంలోనే అడుగుతారు. ‘మేం బాగానే చూసుకున్నామండీ’ అని మీరు సరిపెడితే, అబ్బాయి ఊరికే చెడిపోయినవాడిగా బోర్డుకు కనిపిస్తాడు. ఈ నివేదిక రహస్యం. పిల్లాడి పేరు, ఫొటో పత్రికల్లో వేయడం నేరం. ఊళ్లో పరువు సంగతి అంతటితో సరి.

ఒక చిక్కు మాత్రం ఉంది. బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. అయితే విడుదల చేస్తే శరీరానికో మనసుకో ప్రమాదం అనిపిస్తే బోర్డు నిరాకరించవచ్చు. బెల్టు సంగతి తెలిశాక, ఆ ఇంటికే పంపడానికి వాళ్లు వెనకాడతారు. తగిన వ్యక్తి సంరక్షణలో ఉంచేందుకు చట్టం వీలు కల్పించింది కాబట్టి, ‘మా ఇంట్లో పెట్టుకుని చదివిస్తాను’ అని మీరే ముందుకు రండి. బావగారి మీద కేసు వస్తుందా అంటే, రావచ్చు. తన దగ్గరున్న పిల్లల్ని హింసించడం అదే చట్టంలోని 75వ సెక్షన్ కింద నేరం. అక్కకు ఈ మాట ముందే చెప్పండి.

నిద్రలో ఉలికిపాటును గాలి సోకిందని తాయెత్తుతో సరిపెట్టకండి. హోమ్‌లో పిల్లాడి అవసరాన్ని బట్టి కౌన్సెలింగ్ ఇవ్వాల్సిందే. మానసిక వైద్యుడికి చూపించాలని లాయరు చేత బోర్డుకు అర్జీ పెట్టించండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోన్ 15100. ఇంటికొచ్చాక మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

16 దాటితే పెద్దవాళ్లతో సమానంగా విచారిస్తారన్న భయం మీకు అక్కర్లేదు. కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న ఘోర నేరాలకే ఆ ప్రశ్న వస్తుంది. అప్పుడైనా ముందు పిల్లాడి మానసిక స్థితిని అంచనా వేయాలి. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవారు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు దొంగతనం చిన్న నేరం కిందే లెక్క. నాలుగు నెలల్లో, గడువు పొడిగిస్తే మరో రెండు నెలల్లో విచారణ తేలకపోతే కేసు ముగిసినట్టే.

దెబ్బలకు కట్టు కట్టించిన ఆసుపత్రి చీటీలు, బడి రిజిస్టరు నకలు దొరికితే తీసి ఉంచండి. బావగారి ఎదుట అక్క నోరు విప్పకపోవచ్చు. ఆమెతో మీ ఇంట్లో మాట్లాడమని ప్రొబేషన్ ఆఫీసర్‌ను ముందే అడగండి.