తొలి ఉద్యోగమునకు తోడు మనోబలము



పాఠశాల విడిచి తొలిసారి ఉద్యోగమున ప్రవేశించువానిని యోగ్యతాపత్రములు గుమ్మము దాటించును. ఆపైన నడిపించునది మనోబలము. తెలుగున చదివిన సిరొంచ బిడ్డకు ఈ బలము మరింత యవసరము. ప్రాణహితకు ఆవలి యొడ్డున కార్యాలయ భాష తెలుగు; ఈవలి యొడ్డున మరాఠీ. మొదటి దినములలో మాట తడబడి, “ఈ పని నా వలన కాదు” అని తోచుట సహజము. ఆ తలంపు మనస్సున పాతుకొనినచో తేలిక పనియు బరువగును.

ఉత్సాహము, అంకితభావము, ఏకాగ్రత కలిసి పనియందు మనస్సు లగ్నమగుటను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కార్యనిమగ్నత యందురు. దీనిని పోషించు గుణములను అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్రెడ్ లూథాన్స్ ప్రభృతులు నాలుగుగా పేర్కొనిరి. “ఈ పని చేయగలను” అనునది ఆత్మవిశ్వాసము. మేలు జరుగునని యెదురుచూచుట ఆశావాదము. దెబ్బతినియు మరల లేచి నిలుచుట మూడవది. నాలుగవది ఆశ. ఆశ యనగా ఊరక వేచియుండుట కాదు. ఒక దారి మూసికొనినచో గమ్యమునకు వేరొక దారి వెదకుట. ఈ నాలుగును అభ్యాసముచే పెంపొందునవియే.

దీనికి నిదర్శనము మన గడ్చిరోలి జిల్లాలోనే కలదు. 1973 డిసెంబరులో బాబా ఆమ్టే భామ్రాగడ్ అడవులలోని హేమల్‌కసలో లోక్ బిరాదరీ ప్రకల్పమును స్థాపించెను. ఆయన కుమారుడు డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, కోడలు డాక్టర్ మందాకినీ ఆమ్టే అచట వైద్యమునకు పూనుకొనిరి. ఇరువురును అప్పుడు యువవైద్యులే. విద్యుత్తు లేదు, సరియైన బాట లేదు. మాడియా ప్రజలు క్రొత్తవారిని నమ్మక దూరముగా నుండిరి. రోగి రానిచో వైద్యుని చదువెంతటిదైన నేమి ప్రయోజనము? ఆ దంపతులు వెనుదిరుగక మాడియా భాష నేర్చుకొనిరి. అదియే వేరొక దారి. రోగులు కోలుకొనినకొలది ప్రజలకు నమ్మకము కలిగెను. 2008లో ఆ దంపతులకు రామన్ మెగసెసే పురస్కారము లభించెను.

మాడియా తెలుగువలెనే ద్రావిడ భాష. మరాఠీ మాతృభాషగాగల ఆ వైద్యులు దానిని నేర్వగలిగినప్పుడు, మరాఠీ నడుమ పెరిగిన మీకు కార్యాలయ మరాఠీ అసాధ్యమా? ఆవక్ యనగా వచ్చిన కాగితములు, జావక్ యనగా పంపిన కాగితములు, దాఖలా యనగా ధ్రువపత్రము. ఇట్టి మాటలను దినమునకు ఐదేసి వ్రాసికొనుడు. చిన్న పనినొకదానిని తప్పులేకుండ ముగింపుడు. చిన్న విజయమే ఆత్మవిశ్వాసమునకు పునాది.

అయినను భారమంతయు క్రొత్త యుద్యోగిపై మోపుట న్యాయము కాదు. పని నేర్పు పెద్దలు, తగిన జీతము, ఆదరముగల మాట లేనిచోట ఎంతటి మనోబలమైనను కరగిపోవును. ఇంటి పెద్దలకును ఇందు పాలు కలదు. బిడ్డ మొగము వాడి యింటికి వచ్చిననాడు పరులతో పోల్చి నిందింపక, “నాయనా, ఈ వారమేమి నేర్చుకొంటివి?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు ఒక్క జవాబు దొరకినను మరునాటి యుదయమున వాని యడుగు కార్యాలయమువైపు తేలికగా పడును.