పిల్లల కన్నీరు, కోపము – ఏది ఆపవలెను? ఏది ఆపరాదు?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినవి. పెద్దలు కూలిన చెట్లను లెక్కించుకొనిరి. పిల్లల మనస్సులను విచారించినవారు తక్కువ. తదుపరి మాసములలో మా వద్దకు వచ్చిన పిల్లలలో కొద్దిపాటి ఈదురుగాలికే తల్లి కొంగు విడువనివారు, నిద్రలో ఉలికిపడువారు, చిన్న మాటకే తమ్ముని కొట్టువారు ఉండిరి. ‘మొండివాడైపోయినాడండీ’ అని తల్లిదండ్రుల ఫిర్యాదు. అది మొండితనము కాదు, భయము.

కామశోకభయములచే వాతము, క్రోధముచే పిత్తము ప్రకోపించునని చరకుని మతము. అందుచే భయపడిన పిల్లవానికి నిద్ర చెదరును, ఆకలి నిలకడ తప్పును. ఇట్టి పిల్లల విషయములో చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయము మనకు మిక్కిలి ఉపయోగపడును. అందు ఆపరాని వేగములు 13 చెప్పబడినవి. ఆకలి, దప్పిక, నిద్ర మొదలగువానితోపాటు కన్నీరు కూడ వానిలో చేరినది. ఆపదగిన వేగములు వేరు: లోభము, శోకము, భయము, క్రోధము వంటివి, మాటలో పరుషత్వము, చేతలో పరపీడ.

మన ఇండ్లలో జరుగునది దీనికి సరిగా విపరీతము. ఏడ్చు పిల్లవానిని ‘మగపిల్లవాడివి, ఏడుస్తావేమిరా’ అని గద్దింతుము. అతడే కోపముతో కంచము విసరినచో ‘వాళ్ల తాతగారి పోలిక’ అని మురియుదుము. కన్నీరు దేహము తనంతట తాను చేసికొను విసర్జనము, దానిని కారనీయవలెను. కోపము చేతిలోనికి, నోటిలోనికి దిగకుండ నిలుపుట మాత్రము నేర్పవలసిన విద్య. భయమును నిలుపుటయనగా దాచుట కాదు. ‘ఏటైందమ్మా, భయమేసిందా?’ అని మన మామ్మలు అడుగు పద్ధతియే మొదటి ఔషధము. తన బాధకు పేరు దొరకిన పిల్లవాడు సగము కుదుటపడును.

అయిదారేండ్ల పిల్లలను కన్నులు మూసికొని కదలక కూర్చొమ్మనుట వృథా. శ్వాసను ఆటగా నేర్పవలెను. వేడి చోడిజావ గిన్నెను తల్లి తన చేతిలోనే ఉంచుకొని, చిందకుండ ఊదుమని చెప్పవలెను. గట్టిగా ఊదినచో చిందును. మెల్లగా, దీర్ఘముగా ఊదినచో చల్లారును. ఇంతకు మించిన వివరణ అక్కరలేదు. ముక్కుతో పీల్చుట, నోటితో నిదానముగా విడుచుట. విడుచు కాలము ఎక్కువగా ఉండవలెను. నిశ్వాసము దీర్ఘమైనచో గుండె వేగము తగ్గునని ఆధునిక వైద్యులును అంగీకరింతురు. పది సార్లు చాలును. ఊపిరి బిగబట్టించరాదు, కుంభకము చిన్నపిల్లలకు తగదు. కొన్ని దినములకు గిన్నె లేకున్నను ‘జావ ఊదు నాన్నా’ అనిన చాలును.

మరియొకటి: దీపము పెట్టువేళ గంటను ఒక్కసారి మ్రోగించి, నాదము పూర్తిగా ఆగినప్పుడు చేయి ఎత్తుమనుట. ఇవి పిల్లవాడు ప్రశాంతముగా ఉన్నప్పుడే అలవాటు చేయవలసినవి. ఉద్రేకములో నున్నప్పుడు కొత్తగా నేర్పబోయిన అది శిక్షవలె తోచును.

ఈ సాధననే నేడు ‘మైండ్‌ఫుల్‌నెస్’ అనుచున్నారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున జాన్ కబత్-జిన్ దీనిని రోగులకు నేర్ప మొదలిడెను. మూలము బౌద్ధుల ‘సతి’. వంశధార ఒడ్డున సాలిహుండములో, విజయనగరము చెంత రామతీర్థములో ఆ భిక్షువుల విహార శిథిలములు నేటికిని కలవు. అయితే బ్రిటనులో 8 వేలకు పైగా బాలబాలికలపై జరిపిన పరిశీలన ఫలితములు 2022లో వెలువడినవి. తరగతి పాఠముగా దీనిని చెప్పుట వలన సాధారణ బోధన కంటె అధికలాభము కనిపించలేదు. ఇంటివద్ద అభ్యాసము చేసిన పిల్లలు తక్కువట. నాకు ఆశ్చర్యము లేదు. ‘శాంతముగా ఉండరా!’ అని కేకలు వేయు తండ్రి వద్ద పిల్లవాడు నేర్చునది కేకలనే.

రాత్రి పరుండబోవుముందు గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్లు మర్దించుట వాతశమనము, నిద్రకు హితము. పరుండు వేళ నిత్యము ఒకటిగా ఉండవలెను. ఆ సమయమున టీవీ, సెల్‌ఫోను వలదు.

నెల గడచినను భయము తగ్గక, బడికి పోనని మారాము చేయుట, మానిన పక్కతడుపు మరల మొదలగుట, తిండి మానుట కనిపించినచో పిల్లల వైద్యునకు, అవసరమైన మానసిక వైద్యునకు చూపవలెను. తనకు తాను హాని చేసికొందునని పిల్లవాడు పలికినచో ఆ దినముననే తీసికొనిపోవలెను.