శీతల ప్రాంతాల గృహోద్యానాలలో సహజశిలల వినియోగం

గృహోద్యానాలలో నడకదారులు, మెట్లు, అడ్డుగోడలు, శిలోద్యానాల నిర్మాణానికి సహజశిల అత్యంత మన్నికైన పదార్థమని సాధారణ అభిప్రాయం. ఉష్ణమండలంలో ఇది చాలావరకు నిజం. అయితే అమెరికాలోని మిన్నెసోటా వంటి శీతల రాష్ట్రాలలో సరిగా అమర్చని రాతిపని కొద్ది శీతకాలాలలోనే పగలడం, ఒరగడం, కుంగడం సంభవిస్తుంది. ఇందుకు మూలం చలి ఒక్కటే కాదు. రాతిలోనూ, దాని కింది నేలలోనూ నిలిచిన నీరు.

నష్టం జరిగే విధానం

నీరు గడ్డకట్టినపుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. రాతి రంధ్రాలు దాదాపు పూర్తిగా నీటితో నిండి ఉంటే ఈ వ్యాకోచానికి చోటు చాలక రాయి లోపలినుండి చిట్లుతుంది. నిరంతరంగా గడ్డకట్టి ఉండే రోజులకంటే, పగలు కరిగి రాత్రి మళ్ళీ గడ్డకట్టే రోజులే ఎక్కువ హానికరం.

నేల ఉబ్బడానికి సన్నని ఒండ్రు రేణువులు, నీరు, సున్నా డిగ్రీలకు దిగువ ఉష్ణోగ్రత అనే మూడూ కలిసి ఉండాలి. అపుడు నీరు కేశాకర్షణ వలన పైకి చేరి, మంచు పొరలుగా పేరుకొని, పైనున్న రాళ్ళను ఎత్తివేస్తుంది. మిన్నెసోటా నిర్మాణ నిబంధనలు భవనాల పునాదికి దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తర భాగంలో 60 అంగుళాల లోతును నిర్దేశిస్తాయి. తోటలోని ప్రతి దారికీ అంత లోతు తవ్వడం సాధ్యం కాదు. వాతావరణాన్ని మార్చలేము గనుక మట్టిని, నీటిని సరిచేయడమే మార్గం.

శిలల ఎంపిక

నీటిని తక్కువగా పీల్చే రాయి సాధారణంగా మేలు. అమెరికా ఏ.ఎస్.టి.ఎం. ప్రమాణాల ప్రకారం నీటి శోషణ గ్రానైట్‌కు 0.40 శాతం, క్వార్ట్‌జైట్‌కు 1 శాతం, అధిక సాంద్రత గల సున్నపురాయికి 3 శాతం, ఇసుకరాయికి 8 శాతం మించరాదు. ఆరబెట్టిన రాతిని తూచి, 48 గంటలు నీటిలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూచాలి. పెరిగిన బరువును పొడిబరువుతో భాగించి 100తో హెచ్చిస్తే శోషణ శాతం తెలుస్తుంది. దీనితో పాటు గడ్డకట్టించి, కరిగించే పరీక్ష కూడా అవసరం. పొరలుగల రాళ్ళను, పొరలు నేలకు సమాంతరంగా ఉండునట్లు పరచాలి. నిలువుగా నిలిపితే పొరల మధ్య నీరు చేరి పెచ్చులూడుతాయి.

నిర్మాణ పద్ధతి

• నడకదారికి ఒండ్రు మట్టిని తొలగించి, 15 నుండి 30 సెం.మీ. మందాన కంకరను పొరలు పొరలుగా దిమ్మిస చేయాలి. దానిపై 2.5 సెం.మీ. ముతక ఇసుక పరచి రాళ్ళను అమర్చాలి.
• ఇంటి నుండి వెలుపలికి మీటరుకు 2 సెం.మీ. వాలు ఇవ్వాలి.
• తక్కువ ఎత్తు అడ్డుగోడలను సిమెంటు లేకుండా పేర్చడం మంచిది. ఇటువంటి గోడ నేల కదలికకు అనుగుణంగా సర్దుకొంటుంది. సందులగుండా నీరు బయటకు పోతుంది. గోడను మట్టివైపునకు కొద్దిగా వాల్చి, వెనుక కంకర నింపాలి.
• మంచు కరగడానికి ఉప్పు చల్లరాదు. అది రాతి రంధ్రాలలో స్ఫటికీకరించి పొరలను ఊడదీయడమే గాక, పక్కనున్న మొక్కలకు, నేల నిర్మాణానికి హాని చేస్తుంది. జారకుండా ముతక ఇసుక చల్లడం క్షేమకరం.

తెలుగు ప్రాంతాలకు సంబంధం

చీమకుర్తి గ్రానైట్, కడప, తాండూరు నాపరాళ్ళు నిర్మాణాలలో ప్రసిద్ధమైనవి. అయితే ఇక్కడి వేసవిని, వర్షాన్ని దశాబ్దాలు తట్టుకొన్న రాయికి గడ్డకట్టే పరీక్ష ఎదురు కాలేదు. కావున స్వదేశపు అనుభవం శీతల దేశాలలో మన్నికకు ఆధారం కాజాలదు. ఒక్కొక్క గని రాతిని విడిగా పరీక్షించిన తరువాతనే సిఫారసు చేయాలి.

ముగింపు

శీతల ప్రాంతంలో రాతి తోట మన్నిక శిల కాఠిన్యంపై కంటే, నీరు పోవడానికి చేసిన ఏర్పాటుపై ఎక్కువగా ఆధారపడుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు రాయి ధర, రంగుకంటే ముందుగా నేల స్వభావాన్ని, మురుగునీటి పారుదలను పరిశీలించమని గృహస్థులకు సూచించడం ఉచితం.