వర్ణన ఒకటి, వస్తువు ఇంకొకటి

జాన్సన్‌విల్‌లో జూన్ చలికాలం వచ్చిందంటే తెలుగువాళ్లు కలిసిన చోటల్లా పిల్లల చదువుల తర్వాత మాట్లాడుకునేది తేమ గురించే. న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్‌కి ఉత్తరాన, కొండల మధ్య ఉన్న ఊరు. పాత చెక్క ఇళ్లు ఎక్కువ. పొద్దున లేచేసరికి కిటికీ అద్దాలకి లోపలివైపు నీళ్లు కారుతుంటాయి, బీరువా వెనక గోడకి బూజు పడుతుంది. అందుకే కొత్తగా కాపురం పెట్టినవాళ్లు హీటర్ తర్వాత వెతికేది తేమ లాగే డీహ్యూమిడిఫయర్ కోసం. కొత్తది ఖరీదు కనుక ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌ది చూస్తారు. ఇక్కడ అదేం నామోషీ కాదు. అసలు 1999లో సామ్ మోర్గన్ వెల్లింగ్టన్‌లో ట్రేడ్ మీ అనే అమ్మకాల సైటు మొదలుపెట్టడానికి కారణమే ఓ పాత హీటర్ కోసం పడిన తిప్పలు.

నాకు తెలిసిన ఒకాయన ఆన్‌లైన్‌లో ఇలాంటి డీహ్యూమిడిఫయరే కొన్నారు. ప్రకటనలో ‘డెసికెంట్ రకం’ అని ఉంది. ఆ రకం చల్లటి గదిలోనూ తేమని బాగా లాగుతుంది, కాస్త వెచ్చటి గాలి కూడా వదులుతుంది. కంప్రెసర్ రకమైతే చలి ముదిరేకొద్దీ మందగిస్తుంది. ఆయన ఆఫీసు నుంచి రైల్లో వచ్చి, అటునుంచి అటే అమ్మేవాళ్లింటికి వెళ్లారు. ఎత్తగానే డెసికెంట్ రకానికి బరువెక్కువే అనిపించిందట. వెనక్కి తిప్పి చూద్దామనుకున్నారు గానీ, అమ్మే ఆవిడ పాపం చలిగాలిలో గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది, బాగోదని డబ్బిచ్చి వచ్చేశారు. ఇంటికొచ్చి తిప్పితే వెనకాల రేటింగ్ ప్లేటు మీద ఆర్-134ఎ అని కనిపించింది. అది ఫ్రిజ్‌లలో వాడే గ్యాస్. ఆ గ్యాస్ ఉందంటే లోపల కంప్రెసర్ ఉన్నట్టే.

‘‘పోనిద్దురూ, ఏదో ఒకటి, పనిచేస్తోందిగా’’ అంది ఇల్లాలు. ఆయన పోనివ్వనూ లేదు, అడగనూ లేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ ప్లేటు చూపించి ‘‘ఇదండీ ఈ దేశంలో నిజాయితీ’’ అనడం మొదలుపెట్టారు. కక్కలేక మింగలేక మనలో చాలామంది చేసేది ఇదే. దీనికి సహనమని పేరు పెట్టుకుంటాం గానీ, పదిమంది ముందూ తిట్టుకునేదాన్ని సహనమని ఎలా అంటాం? పాపం అమ్మినావిడకి తన మీద ఓ కేసు నడుస్తోందని కూడా తెలియదు, జవాబు చెప్పుకునే అవకాశమూ లేదు. ఆ మాటకొస్తే, అడగడం కన్నా అడక్కపోవడమే ఇక్కడ ఎక్కువ అన్యాయం.

ఎందుకు అడగలేకపోయారని కదిపితే, ‘‘మోసం చేశారని మొహం మీద ఎలా అంటామండీ?’’ అన్నారు. తిరకాసంతా అక్కడే ఉంది. వస్తువు వెనక్కి తీసుకోమనడమంటే ఎదుటివాళ్లని దొంగ అనడమేనని ఆయన లెక్క. కొందరిని మొహమాటం నోరు కట్టేసేదీ, ఇంకొందరి చేత రాత్రి పదకొండింటికి కోపంగా మెసేజ్‌లు పెట్టించేదీ ఆ లెక్కే. నెమ్మదస్తుడు తిట్టలేక ఊరుకుంటాడు, కోపిష్టి తిట్టి ఊరుకుంటాడు. ఇద్దరి డబ్బూ వెనక్కి రాదు.

చట్టం మాత్రం ఆ లెక్క వేసుకోదు. న్యూజిలాండ్‌లో అమ్మేవాళ్లు వ్యాపారస్తులైతే 1993 నాటి కన్స్యూమర్ గ్యారంటీస్ చట్టం వర్తిస్తుంది. వస్తువు వర్ణనకి తగ్గట్టు ఉండాలన్నది అందులో ఒక హామీ. ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారస్తులు తాము వ్యాపారస్తులమని ప్రకటనలో తెలియజేయాలన్న నిబంధన 2014 నుంచి ఉంది. ఇంట్లో పాత సామాను అమ్ముకునే మామూలు మనిషికి ఈ హామీలు వర్తించవు. అంతమాత్రాన కొన్నవాళ్లకి దిక్కులేకుండా పోదు. 2017 నాటి కాంట్రాక్ట్ అండ్ కమర్షియల్ లా చట్టం ప్రకారం, తప్పుడు వర్ణన నమ్మి కొన్నవాళ్లకి పరిహారం అడిగే హక్కుంది. ఆ తప్పు కావాలని చేసినా, తెలియక చేసినా ఒకటే. తేడా మరీ పెద్దదైతే బేరాన్నే రద్దు చేసుకోవచ్చు. చిన్నదైతే తేడా మేరకు పరిహారంతో సరిపెట్టుకోవాలి. అంటే అమ్మినావిడ మనసులో ఏముందో తేల్చాల్సిన పని కొన్నాయనకి లేదు. చెప్పిన మాటకీ వచ్చిన వస్తువుకీ పొంతన లేదని చూపిస్తే చాలు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో ధైర్యం గురించి పేజీలకి పేజీలు ఉంటాయి గానీ, నా మటుకు నాకు ఈ ఒక్క సంగతి వాటన్నిటికన్నా ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

చివరికి ఆయన ఆవిడకి రాసింది నాలుగు వాక్యాలు. ‘‘మీ ప్రకటనలో డెసికెంట్ అని ఉంది. వెనక ప్లేటు ప్రకారం ఇది కంప్రెసర్ రకం, ఫొటో జత చేస్తున్నాను. మా గది బాగా చల్లగా ఉంటుంది కనుక ఇది మాకు పనికిరాదు. శనివారం నేను తెచ్చిచ్చి డబ్బు తీసుకెళ్తాను, మీకు వీలవుతుందా?’’ ఇందులో ‘మోసం’ లేదు, ‘దయచేసి అన్యథా భావించవద్దు’ అన్న నసుగుడూ లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నట్టు గంటలోపే జవాబొచ్చింది. ఆ యంత్రం వాళ్ల మామగారిదట, రెండు రకాలున్నాయనే ఆవిడకి తెలియదట.

అందరూ ఇలాగే ఉంటారని కాదు. జవాబే ఇవ్వనివాళ్లుంటారు, దబాయించేవాళ్లుంటారు. అందుకే ప్రకటన మాయమయ్యేలోపు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. తేడా తెలిశాక కూడా ఆ వస్తువుని వాడుతూ నెల గడిపి, అప్పుడు తీసుకోమంటే మన మాటకి బలముండదు. ముందు చెడ్డ రేటింగ్ ఇచ్చేసి తర్వాత డబ్బడగడం, లేదా ఇవ్వకపోతే రేటింగ్ ఇస్తానని బెదిరించడం, రెండూ నాకు నచ్చవు. రేటింగ్ తర్వాత కొనేవాళ్ల కోసం, మన పంతం కోసం కాదు. మాటలతో తెగకపోతే డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్ ఉంది. అక్కడ జడ్జీలుండరు, వకీళ్లని వెంటబెట్టుకోనివ్వరు. రెఫరీ అనే ఆయనో ఆవిడో ఇరువైపులవాళ్లనీ కూర్చోబెట్టి వింటారు. వాళ్లిచ్చే ఆదేశానికి ఇద్దరూ కట్టుబడాలి. కాకపోతే దరఖాస్తుకి రుసుముంది, కాబట్టి చిన్న మొత్తాలకి అక్కడిదాకా వెళ్లాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మానాన్నలకీ ఈ సంగతి చెప్పండి. భారతదేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని సరుకుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ‘రిటర్న్ లేదు’ అన్నారని ఊరుకోకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.

రంగు నచ్చలేదనో, పక్కవాళ్లకి చవగ్గా దొరికిందనో వెనక్కిస్తామంటే అది వేరే కథ. మనసు మారినందుకు డబ్బు వెనక్కివ్వాలని న్యూజిలాండ్ చట్టం అమ్మేవాళ్లని బలవంతపెట్టదు. హక్కు లేనిచోట గొంతు పెంచి సాధించుకొచ్చి, అదేదో ఘనకార్యంలా చెప్పుకునేవాళ్లూ మనలో లేకపోలేదు.

అన్నిటికన్నా చిక్కు, అమ్మినవాళ్లు మనవాళ్లే అయినప్పుడు. వాట్సాప్ గ్రూపులో చూసి వెట్ గ్రైండర్ కొంటాం. రెండు లీటర్లదన్నారు, తీరా ఇంటికొచ్చి పప్పు పోస్తే లీటరుంపావుకే పొంగుతుంది. ఉగాది పండక్కి అది అమ్మిన అక్క ఎదురుపడుతుంది, వాళ్లబ్బాయీ మన పాపా ఒకే బళ్లో చదువుతున్నారు. ఇక్కడ చట్టం ఎవరూ తీయరు, తీయకూడదు కూడా. కానీ ‘‘అక్కా, ఇది చిన్నది పంపినట్టున్నారు, ఓసారి చూస్తారా?’’ అని ఆ సాయంత్రమే ఫోన్ చేస్తే తేలిపోయే విషయాన్ని మూడు నెలలు కడుపులో దాచుకుని, పండగ రోజు ముఖం తిప్పుకునేదాకా తెచ్చుకుంటాం. ఇక మన సామాను మనమే అమ్మకానికి పెట్టేటప్పుడు వెనక ప్లేటు ఫొటో కూడా ప్రకటనలో పెడదాం. ఏ రకమో తెలియకపోతే తెలియదనే రాద్దాం. మహా అయితే ధర పది డాలర్లు తగ్గుతుంది.