పెరటి కలుపు: మందు చల్లకుండ తీయు విధము

వానలు పడినంతనే విత్తిన కూరగాయలకంటె విత్తని మొక్కలే ముందుగా తలయెత్తును. చిన్నమనూరు చుట్టుపట్ల ముల్లైపెరియారు నీరు పారు మళ్ళలోను, మన యిండ్ల పెరళ్ళలోను కలుపునకు కొరత లేదు. దుకాణమున మందు కొని చల్లుట సులభమని కొందరు తలంతురు. కాని ఆ పెరటిలోనే కరివేపచెట్టు, కోడిపిల్లలు, చేదబావి ఉన్నవి. చల్లిన మందు గాలికి కొట్టుకొనిపోయి వీనిపైనను పడును.

కలుపును తీయుటకు ముందు దానిని ఎరుగవలెను. అన్నిటికంటె మొండిది తుంగ. ఇచ్చటి తమిళులు దీనిని కోరై యందురు. పట్టి లాగినచో ఆకు చేతికి వచ్చును. గడ్డ నేలలోనే నిలిచి మరల మొలచును. ఒక గడ్డనుండి దారమువంటి కాడ సాగి, దాని కొనను మరియొక గడ్డ ఏర్పడును. ఇట్లు మట్టిలో పూసలదండవలె వ్యాపించును. పంట లేని వేసవిలో గునపముతో జానెడు లోతు త్రవ్వి, గడ్డలను పైకి తీసి, అగ్నినక్షత్రపు ఎండలో వరుగుచేయవలెను. కూరగాయలున్న మడిలో అట్లు త్రవ్వరాదు. అచ్చట వారమునకొకసారి మొలకను తీసివేయుచుండవలెను. మొలచినప్పుడెల్ల గడ్డలో దాచిన ఆహారము కొంత వ్యయమగును. ఆకులు ఎండ సోకి దానిని తిరిగి నింపకమునుపే తీసినచో గడ్డ క్రమముగా నీరసించును. ఇందుకు నెలలు పట్టును. తొందరపడువారికి ఇది పని గాదు. తుంగకు నీడ గిట్టదు గనుక అలసందనో, చిలగడదుంప తీగనో దట్టముగా అల్లించినచో మన శ్రమ కొంత తగ్గును.

గరిక సంగతి వేరు. దాని ప్రతి కణుపును వేరుతన్నును. పారతో ముక్కలుచేసి మట్టిలో కలిపినవాడు ఒక మొక్కకు పది మొక్కలు నాటినవాడగును. తీగను మొదలంట తీసి, మట్టి దులిపి, ఆవుదూడకు వేయుడు.

గింజలవలన మొలచు కలుపునకు మంచి యుపాయమొకటి కలదు. విత్తుటకు పదునైదు దినములు ముందుగా మడికి నీరు పెట్టుడు. పైపొరలోని గింజలు అనేకము మొలచును. రెండాకులు వేయగానే దోకుడుపారతో పైపైన చెక్కివేసి, అటుపిమ్మట విత్తుడు. లోతుగా తిరుగవేసితిరా, అడుగున నిద్రించు గింజలు వెలుతురు చూచి మొలచును. మొక్కలు ఎదిగిన పిదప నడుమ వరిగడ్డినో, ఎండిన అరటియాకులనో నాలుగు వ్రేళ్ళ మందమున పరచుడు. మొక్క మొదలునకు మాత్రము ఆననీయకుడు.

వయ్యారిభామ విషయమున పిల్లలకును తల్లిదండ్రులకును ఒక హెచ్చరిక. అమెరికా ఖండమునుండి వచ్చిన యీ మొక్క 1950 దశాబ్దమున పూనా పరిసరములలో గుర్తింపబడి, పిదప దేశమెల్ల నిండినది. దీనివలన కొందరికి చర్మమున దద్దురులు, మరికొందరికి ఉబ్బసము కలుగును. ఒక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. కనుక పూయకముందే, నేల తడిగానున్నప్పుడు, చేతితొడుగులు ధరించి పెద్దవారే వేరుతో పెరుకవలెను. పూసినదానిని ఎరువుగుంటలో వేయరాదు. దీని ఆకులను తిను మెక్సికో దేశపు పెంకుపురుగును 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిరి. నలుపు చారల చిన్న పురుగులు దీనిపై కనబడినచో చంపకుడు.

ఇక పెరికినదెల్ల పారవేయదగినది గాదు. గంగపావిలి పప్పులో వండుకొనదగిన కూర. తమిళులు పరుప్పుక్కీరై యందురు. త్రుంచినప్పుడు పాలు కారినచో అది గంగపావిలి గాదు, తినరాదు. పెరికి తడినేలపై విడిచినచో మరల వేరూనును. అటికమామిడిని తమిళమున మూక్కిరట్టై యందురు. అదియు కూరకు పనికివచ్చును. మందు చల్లిన పెరటిలోని ఆకును మాత్రము కోయరాదు.

ఆంధ్రదేశమున చదువుకొన్నప్పుడు నేను నేర్చిన పేర్లకును, మీ యింట అవ్వ చెప్పు పేర్లకును భేదముండవచ్చును, రెండును తెలుగే. తమిళపు పేరొక్కటే యెరిగిన పిల్లలు తరగతిలో పెక్కుమంది యున్నారు. రాబోవు సోమవారము ఒక్కొక్కరు మూడు కలుపుమొక్కలను ఎండబెట్టి కాగితమున అంటించి, ఇంటిలోని పెద్దలను అడిగి వారు పలికినట్లే పేరు వ్రాసి తెండు. వయ్యారిభామను మాత్రము తేవలదు.